రాయగడ సీమలో తెలుగు పత్రిక: అచ్చు, కుట్టు, అట్ట

ఒక పత్రిక పుట్టుకను గురించి చెప్పుకొనేటప్పుడు సంపాదకుని పేరు, తొలి సంచికలోని రచనలు, ఆవిష్కరణ సభలో పెద్దల ప్రసంగాలు చరిత్రకెక్కుతాయి. ఆ సంచికకు ఎన్ని రీముల కాగితం పట్టింది, ఏ ఊరి ముద్రణాలయంలో అచ్చయింది, ప్రూఫులు ఎవరు దిద్దారు, దారంతో కుట్టారా లేక ఇనుప పిన్నులు వేశారా అన్న సంగతులు ఎవరూ వ్రాసి ఉంచరు. కాని పత్రికల ఆయుర్దాయం చాలవరకు ఈ సంగతుల మీదనే ఆధారపడింది. మంచి రచనలు ఉండి కూడ మూడవ సంచికతోనే ఆగిపోయిన పత్రికలు తెలుగునాట కోకొల్లలు. వాటిలో చాలావాటికి కొరవడినది ప్రతిభ కాదు. ముందుచూపుతో వేసిన అచ్చు లెక్క.

ఈ మాట రాయగడ సీమలోని తెలుగువారికి మరింత వర్తిస్తుంది. నాగావళి ఒడ్డున, మజ్జిగౌరమ్మ నీడన ఉన్న ఈ పట్టణానికి కాగితంతో విడదీయరాని సంబంధం ఉంది. ఇక్కడికి సమీపంలోని జె.కె.పూర్ లో 1962లో స్ట్రా ప్రొడక్ట్స్ సంస్థ కాగితపు మిల్లును నెలకొల్పింది. అదే నేటి జె.కె. పేపర్ మిల్లు. ఈ కొండల వెదురు గుజ్జయి, కాగితమై, దేశం నలుమూలలకు వెళ్ళింది. ఎక్కడెక్కడి బడిపిల్లలో ఆ కాగితం మీద అక్షరాలు దిద్దుకొన్నారు. ఐతే అదే రాయగడలో ఒక తెలుగు సంచిక వెలువడాలంటే కాగితం ఇంటి ముంగిటనే ఉన్నా, తెలుగు అక్షరాలను వెదుక్కొంటూ రైలెక్కి పోవలసిన అవసరం ఏర్పడుతూ వచ్చింది. ఈ చిక్కుముడి ఎలా పడిందో, పత్రికలు నడిపినవారు దానిని ఎలా విప్పుకొన్నారో తెలుసుకోవటం కొత్తగా పత్రికను తలపెట్టేవారికి ఉపకరిస్తుంది.

సీమ నేపథ్యం

నేటి రాయగడ జిల్లా 1992 అక్టోబరు 2న కోరాపుట్ జిల్లా నుండి విడివడి ఏర్పడింది. అంతకు పూర్వపు కథ వేరు. ఈ ప్రాంతం జయపురం సంస్థానంలో భాగంగా, మదరాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లా ఏజెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా అవతరించినప్పుడు జయపురం, దానితో పాటు రాయగడ, గుణుపురం ఆ రాష్ట్రంలో చేరాయి. అంతవరకు కచేరీ కాగితాలకు, కళాశాల చదువులకు, అచ్చు పనులకు విశాఖపట్టణం వైపు, చెన్నపట్నం వైపు చూచిన ప్రజలు ఆనాటి నుండి కటకం వైపు చూడవలసి వచ్చింది.

రాజకీయ సరిహద్దు మారినా రాకపోకల దారి మారలేదు. విజయనగరం నుండి పార్వతీపురం వరకు రైలు మార్గం 1908–09 నాటికే వచ్చింది. 1931లో అది రాయగడ మీదుగా రాయపూర్ దాకా పూర్తయింది. ఈ రైలుమార్గం వల్లనే రాయగడకు ముద్రణకు సంబంధించిన సమస్త సరంజామా ఆంధ్ర ప్రాంతం నుండి అందుబాటులో ఉండేది. వ్రాతప్రతి ఉదయం రైలులో పోతే ప్రూఫులు మరొక రైలులో తిరిగివచ్చేవి. సరిహద్దుకు ఈవల ఉన్న తెలుగువారికి పార్వతీపురం, విజయనగరం, విశాఖపట్టణం పరాయి ఊళ్ళుగా మారకపోవటానికి ఈ మార్గమే కారణం.

జయపురం ప్రభువులలో విక్రమదేవవర్మ 1931 నుండి 1951 వరకు మహారాజుగా ఉన్నారు. ఆయన తెలుగులోను, ఒడియాలోను కవి, ఉభయభాషా పోషకుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఏటా లక్ష రూపాయలు విరాళంగా ఇచ్చిన వదాన్యుడు. రెండు భాషలు ఒకే ఆస్థానంలో ఇముడుతాయనడానికి ఆయన జీవితమే తార్కాణం. ఈ సీమలో తెలుగు పత్రిక అన్న ఊహకు ఆనాటి సాంస్కృతిక వాతావరణం పునాది వేసింది.

ముందు నడచినవారు

ఊరిలో అచ్చు లేక ఇబ్బందిపడిన తొలి సంపాదకులు రాయగడవారు కారు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874 అక్టోబరులో ‘వివేకవర్ధని’ని ప్రారంభించిన నాటికి ఆయన ధవళేశ్వరంలో ఉపాధ్యాయులు. వ్రాయటం గోదావరి ఒడ్డున, అచ్చు చెన్నపట్నంలో. ఆ రోజుల ప్రయాణ సాధనాలతో వ్రాతప్రతి పోవటానికి, అచ్చు ప్రతులు రావటానికి పట్టే కాలం పత్రికకు గుదిబండ అయింది. చివరకు ఆయన మిత్రులతో కలిసి రాజమహేంద్రవరంలో సొంత ముద్రణాలయం పెట్టుకొన్న తరువాతనే పత్రిక కుదుటపడింది. సంపాదకునికి కలం ఎంత ముఖ్యమో ముద్రణాలయం మీద పట్టు అంత ముఖ్యమని తెలుగు పత్రికా చరిత్రకు దొరికిన తొలి పాఠాలలో ఇది ఒకటి.

ఒడియా సోదరుల చరిత్ర కూడ ఇదే చెబుతుంది. గౌరీశంకర రాయ్ నాయకత్వాన కటక్ ప్రింటింగ్ కంపెనీ నుండి ‘ఉత్కళ దీపిక’ 1866 ఆగస్టు 4న వెలువడింది. ఒరిస్సాను మహాక్షామం పీడిస్తున్న సంవత్సరమది. సీసపు అక్షరాల కోసం ఎదురుచూడక, రాతి పలక మీద వ్రాసి అచ్చు తీసే శిలాముద్రణతోనే వారు తొలి సంచికను తెచ్చారు. రెండేళ్ళకు, 1868లో, ఫకీర్ మోహన్ సేనాపతి తన మిత్రులతో కలిసి బాలేశ్వరంలో ముద్రణాలయాన్ని నెలకొల్పి పత్రికను నడిపారు. ఒడియా ప్రత్యేక భాష కాదని, బడులలో దాని అవసరం లేదని వాదించేవారు బయలుదేరిన కాలమది. ఆ వాదాన్ని ఎదుర్కొనటానికి ఒడియావారికి అక్కరకు వచ్చినవి తమ సొంత అచ్చు యంత్రాలే. ఆ భాష బడిలో నిలిచింది. ఒడిశాలో నివసించే తెలుగువారు తమ ఆతిథేయుల నుండి నేర్చుకోదగిన సంగతులలో ఇది మొదటిది.

మూడవ ఉదాహరణ మరింత సమీపంలోనిది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. గుణుపురం కొండలలోను, పర్లాకిమిడి కొండలలోను నివసించే సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పాఠాలు వ్రాసిన మహనీయుడు. వాడుక భాష కోసం సాగించిన ఉద్యమంలో భాగంగా 1919లో ఆయన ‘తెలుగు’ అనే మాసపత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. కొద్ది నెలలకే పంతులుగారు కీర్తిశేషులయ్యారు. ‘తెలుగు’ పత్రిక కూడ దీర్ఘకాలం నడవలేదు. ఏడాది పాటు మాత్రమే బ్రతికింది. ఐనా ఆ సంచికలలోని వాదనలు తరువాతి తరానికి ఆధార గ్రంథాలయ్యాయి. అవి పోగుపడి, ఒకచోట కూర్చబడి గ్రంథాలయాలకు చేరటం వల్లనే అది సాధ్యపడింది. ఒక ఏటి పత్రిక నూరేళ్ళ పత్రిక కావటానికి రచన ఎంత కారణమో భద్రత కూడ అంత కారణం.

ఆయన సవర భాషా వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మదరాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. గుణుపురం కొండల మాట పుస్తకం కావటానికి చెన్నపట్నం దాకా పోవలసి వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు పంతులుగారు తమ జీవితమంతా గడిపిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. సరిగా అదే సంవత్సరం గుణుపురం ప్రాంతంలోనే మంగై గొమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. ఒక భాషకు లిపి, అచ్చు, పుస్తకం ఎంతటి ఆత్మగౌరవాన్ని కలిగిస్తాయో ఈ సీమలో తెలుగువారికి, ఒడియావారికి, సవరలకు కూడ సమానంగా తెలిసిన విషయమే.

స్వస్థలానికి దూరంగా ఉండి పత్రికను నడపటంలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిని మించిన ఉదాహరణ లేదు. ఆయన 1908లో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా బొంబాయిలో ప్రారంభించారు. చుట్టూ మరాఠీ, గుజరాతీ వినిపించే నగరంలో తెలుగు టైపును, తెలుగు అక్షరాలు కూర్చేవారిని సమకూర్చుకొని పత్రికను నిలబెట్టారు. 1914లో అది చెన్నపట్నానికి మారి దినపత్రిక అయింది. దాని వెనుక అమృతాంజనం వ్యాపారం ఇచ్చిన ఆర్థిక బలం ఉన్నది. పత్రికకు ఆదాయ మార్గం పత్రిక బయట ఉండటం మేలని ఆ చరిత్ర చెబుతుంది.

చేతివ్రాత నుండి అచ్చుకు

తెలుగు పాఠశాలలలో పత్రిక తొలిరూపం లిఖిత పత్రిక. చేతివ్రాత చక్కగా ఉన్న విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కూర్చొని, ఒకే ఒక ప్రతిని వ్రాసి, బొమ్మలు వేసి, అట్ట కట్టి గ్రంథాలయపు బల్ల మీద ఉంచేవారు. దాని ఖర్చు సిరాబుడ్డి, కొన్ని ఠావుల కాగితం మాత్రమే. దాని లోపం కూడ అదే; ఒక్క ప్రతి చిరిగితే పత్రిక యావత్తు చిరిగినట్లే. తరువాతి దశలో స్టెన్సిల్ కాగితం మీద వ్రాసి సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రతులు తీసే పద్ధతి వచ్చింది. తెలుగు టైపు అవసరం లేకుండానే పత్రిక వెలువరించే వీలు దానివల్ల కలిగింది. ఐతే ఒక స్టెన్సిల్ మీద పరిమితంగానే ప్రతులు వస్తాయి. సిరా కాగితపు వెనుక పుటకు దిగుతుంది. పదేళ్ళకే అక్షరం వెలిసిపోతుంది. కనుక సంఘాలైనా, బడులైనా స్తోమతు కలిగిన నాడు అచ్చు వైపే మొగ్గాయి.

అచ్చు వైపు మొగ్గిన నాడు తొలిసారి ఎదురయ్యే ప్రశ్న రచనలెన్ని అన్నది కాదు, పుటలెన్ని అన్నది. వచ్చిన రచనలన్నిటినీ చేర్చి, చివరకు పుటలు లెక్కపెట్టుకొనే సంపాదకునికి ముద్రణాలయంలో భంగపాటు తప్పదు. పుటల సంఖ్యను కాగితపు ఠావే నిర్ణయిస్తుంది.

కాగితం లెక్క

అచ్చు పనిలో వాడుకలో ఉన్న కాగితపు కొలతలు డెమ్మీ, క్రౌను, రాయలు. డెమ్మీ ఠావు 17.5 అంగుళాల వెడల్పు, 22.5 అంగుళాల పొడవు. దానిని మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, అనగా పదహారు పుటలు వస్తాయి. అంచులు కోసిన తరువాత మిగిలే పుట 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు. తెలుగు పుస్తకాలకు, చిన్న పత్రికలకు చిరకాలంగా వాడుకలో ఉన్న ‘డెమ్మీ 1/8’ సైజు ఇదే. పుటల సంఖ్య పదహారుకు గుణిజంగా ఉండాలనటానికి కారణం ఈ మడతే. ముప్పది రెండు పుటలకు రెండు ఠావులు. ముప్పది నాలుగు పుటలు కావాలంటే అదనపు రెండు పుటల కోసం మరొక కాగితాన్ని చీల్చి, విడిగా అచ్చు వేసి, అంటించవలసి వస్తుంది. ఆ రెండు పుటలు మిగిలిన పుటలకంటె ఖరీదైనవిగా తేలుతాయి. పుస్తకం నుండి ఊడిపోయేవి కూడ అవే.

ఐదువందల ప్రతుల పత్రిక, ముప్పది రెండు పుటలు అనుకొందాం. ప్రతికి రెండు ఠావులు చొప్పున వేయి ఠావులు, అనగా రెండు రీములు. యంత్రం మీద సిరా సరిచూచుకొనటానికి, నలిగి చినిగిపోయేవాటికి నూటికి ఐదు చొప్పున మరొక యాభై ఠావులు కలుపుకోవాలి. చదరపు మీటరుకు 60 గ్రాముల బరువున్న కాగితమైతే డెమ్మీ రీము బరువు సుమారు 7.6 కిలోలు. అట్టలను మినహాయిస్తే ఐదువందల ప్రతుల మొత్తం బరువు పదిహేను కిలోలకు కాస్త మించుతుంది. ఒక మనిషి రైలులో వెంట తెచ్చుకోగల బరువే అది. సరిహద్దుకు ఆవల అచ్చు వేయించటం అసాధ్యమైన సాహసమేమీ కాదని ఈ చిన్న లెక్క తెలియజేస్తుంది.

ప్రతుల సంఖ్యను నిర్ణయించటంలో మరొక రహస్యం ఉంది. అక్షరాలు కూర్చే ఖర్చు నూరు ప్రతులకైనా, వేయి ప్రతులకైనా ఒకటే. ప్రతులు పెరిగితే పెరిగేవి కాగితం, అచ్చుకూలి, కుట్టుకూలి మాత్రమే. కనుక మూడువందల ప్రతుల మీద పడే ఒక్కొక్క ప్రతి ఖర్చుకంటె ఐదువందల ప్రతుల మీద పడే ఖర్చు తక్కువ. కాని కొనేవారు లేని రెండువందల ప్రతులు బీరువాలో మిగిలితే ఆ ఆదా అంతా నష్టంగా మారుతుంది. సీసపు అక్షరాల రోజులలో ఈ నిర్ణయం మరీ కీలకంగా ఉండేది. చిన్న ముద్రణాలయాలలో పుస్తకమంతటికీ చాలినంత టైపు ఉండేది కాదు. ఒక ఫారం అచ్చు కాగానే ఆ అక్షరాలను విప్పి, తిరిగి అరలలో వేసి, తరువాతి ఫారానికి వాడుకొనేవారు. ‘మరొక వంద ప్రతులు కావాలి’ అని తరువాత అడిగితే మొదటి నుండి మళ్ళీ కూర్చవలసిందే. చందాదారుల జాబితా ముందు, అచ్చు తరువాత అన్న క్రమాన్ని అనుభవజ్ఞులు పాటించటం అందువల్లనే.

కుట్టు ముందు, అచ్చు తరువాత

పత్రికను ఎలా కుట్టాలన్నది చివరలో ఆలోచించే విషయంగా కొత్తవారు భావిస్తారు. నిజానికి అది మొట్టమొదట తేలవలసిన విషయం. ఠావు మీద పుటలను అమర్చే వరుస దాని మీదనే ఆధారపడుతుంది.

పదహారు పుటల ఠావులో ఒకటవ పుట ప్రక్కన పదహారవది, నాలుగవదాని ప్రక్కన పదమూడవది, ఐదవదాని ప్రక్కన పన్నెండవది, ఎనిమిదవదాని ప్రక్కన తొమ్మిదవది పడాలి. ప్రతి జంటను కూడితే పదిహేడు వస్తుంది. యంత్రం దగ్గర పనిచేసేవారు పుటలు సరిగా పడ్డాయో లేదో ఈ కూడికతోనే సరిచూచుకొంటారు. ఇలా మడిచిన రెండు మడతలను ఒకదాని ప్రక్కన ఒకటి పేర్చి కుట్టితే పుస్తకపు కుట్టు. ఒకదానిలో ఒకటి దూర్చి నడిమి మడత మీద పిన్ను వేస్తే పత్రిక కుట్టు. రెండవ పద్ధతిలో కూడిక మారుతుంది. ముప్పది రెండు పుటల పత్రికలో జంటల మొత్తం ముప్పది మూడు కావాలి. వెలుపలి ఠావులో మొదటి ఎనిమిది పుటలు, చివరి ఎనిమిది పుటలు ఉంటాయి. తొమ్మిది నుండి ఇరువది నాలుగు వరకు ఉన్న పుటలు లోపలి ఠావులోకి వస్తాయి. పుస్తకపు వరుసలో అచ్చు వేసి, తరువాత నడిమి పిన్ను వేయమంటే పుటలన్నీ తారుమారవుతాయి.

ఈ అమరికను తెలిసికొన్న సంపాదకునికి ఒక సౌలభ్యం కూడ చిక్కుతుంది. కథలు, కవితలు, వ్యాసాలు వంటి నిలువ ఉండే రచనలను లోపలి ఠావులో చేర్చి ముందుగానే అచ్చు వేయించవచ్చు. సంపాదకీయం, సభల వార్తలు, పరీక్షా ఫలితాలు, విరాళాల పట్టిక వంటి ఆలస్యంగా అందేవాటిని వెలుపలి ఠావు కోసం ఆపుకోవచ్చు. దూరపు ఊరిలో అచ్చు వేయించేవారికి ఈ ఉపాయం వారం పది రోజుల వ్యవధిని కలిసివచ్చేలా చేస్తుంది.

అక్షరాల పేటిక

ఇంగ్లీషు టైపుకు పెద్దబడి, చిన్నబడి అక్షరాలు కలిపి, అంకెలతోను, విరామ చిహ్నాలతోను ఒక జత అరలపెట్టెలు చాలును. తెలుగు సంగతి అలా కాదు. అక్షరానికి తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం; వాటి క్రింద ఒత్తులు. వీటన్నిటికీ విడివిడిగా పోతపోసిన అచ్చులు వందల సంఖ్యలో కావాలి. ఒక్క సైజు తెలుగు టైపును సమకూర్చుకోవటమే చిన్న ముద్రణాలయానికి పెద్ద పెట్టుబడి. ఏడాదికి ఒకటి రెండు తెలుగు పనులు మాత్రమే వచ్చే సరిహద్దు పట్టణంలో ఏ యజమానియైనా ఆ పెట్టుబడికి జంకటం సహజం. ఒకవేళ కొన్నా, అరిగిన ఒత్తులు, విరిగిన కొమ్ములు తిరిగి తెప్పించుకొనటం ఆలస్యమయ్యేది. తెలుగు పత్రిక పార్వతీపురానికో, విజయనగరానికో పోవలసి రావటానికి కారణం భాషాద్వేషం కాదు. ఈ అరలపెట్టెల లెక్కే.

ముద్రణాలయం దూరమైన కొద్దీ ప్రూఫులు దిద్దేవారి బాధ్యత పెరుగుతుంది. మ, య; ప, ష, వ; బ, భ; ధ, థ; ఇవి చేతివ్రాతలో కలగలసిపోయే అక్షరాలు. వ్రాతప్రతిలో వీటిని స్పష్టంగా వ్రాయకపోతే కూర్చేవారు తమకు తోచినది వేస్తారు. తెలుగు చదవటం అంతగా రానివారు కూర్చినప్పుడు ఒత్తులు ఒక అక్షరం క్రింది నుండి మరొక అక్షరం క్రిందికి జరిగిపోవటం కద్దు. కనుక కాగితానికి ఒకవైపే వ్రాయటం, పేర్లను విడివిడిగా అక్షరం అక్షరం వ్రాయటం, మొదటి ప్రూఫును ఒకరు పైకి చదువుతుండగా మరొకరు వ్రాతప్రతితో పోల్చటం, ఒకరు దిద్దినదానిని రెండవసారి వేరొకరు చూడటం అన్న నియమాలు ఏర్పడ్డాయి. పాఠశాల పత్రికలో కవిత్వంలోని తప్పును పాఠకుడు క్షమిస్తాడు. తన పిల్లవాని పేరు తప్పుగా అచ్చయితే తండ్రి క్షమించడు.

ఫొటోలు మరొక అధ్యాయం. సీసపు అచ్చు రోజులలో ప్రతి ఫొటోకు లోహపు బ్లాకు తయారు కావాలి. అది పెద్ద పట్టణాలలోనే సాధ్యం. బ్లాకు ఖర్చుకు భయపడి పది మందిని ఒకే ఫొటోలో నిలబెట్టే ఆచారం వచ్చింది. పాత సంచికలలో కనిపించే ఉపాధ్యాయ బృంద చిత్రాల వెనుక ఈ పొదుపు కూడ దాగి ఉన్నది.

జిగురు, దారం, అట్ట

ఏజెన్సీ ప్రాంతపు వాతావరణం పుస్తకాలకు అనుకూలమైనది కాదు. వానకాలపు చెమ్మకు ఇనుప పిన్నులు తుప్పుపట్టి, ఆ తుప్పు కాగితాన్ని తినివేస్తుంది. మైదాపిండి జిగురును పురుగులు ఆశిస్తాయి. అందుకే అనుభవం కలిగిన బైండర్లు జిగురును ఉడికించేటప్పుడు అందులో కొంచెం మైలుతుత్తం కలుపుతారు. వెన్ను మీద గుడ్డపట్టీ అంటిస్తారు. అట్టకాగితాన్ని దాని నార నిలువుగా ఉండేటట్లు కోస్తారు. అడ్డంగా కోస్తే మడతపెట్టిన చోట పగులుతుంది. నెలనెలా వచ్చే సంచికకు పిన్ను చాలును. పదేళ్ళకొకసారి, పాతికేళ్ళకొకసారి వచ్చే ఉత్సవ సంచికకు దారపు కుట్టే తగినది.

పాతకాలపు మాసపత్రికలు సంపుటం, సంచిక అన్న లెక్కను పాటించటంలో కూడ ఒక దూరదృష్టి ఉంది. సంవత్సరాంతాన సంచికలన్నిటినీ కలిపి ఒకే గ్రంథంగా కట్టించుకొనటానికి ఆ లెక్క తోడ్పడుతుంది. అలా కట్టించాలంటే కుట్టు వైపు అంచును ముందే వెడల్పుగా వదలాలి. లేకపోతే బైండరు సూది వాక్యాల నడుమ దిగుతుంది. వేటపాలెంలో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలలో నేడు పరిశోధకులకు దొరుకుతున్న పాత పత్రికలు ఈ విధంగా కట్టించి పదిలపరచబడినవే. విడి సంచికలుగా మిగిలినవి ఎక్కడివక్కడ జీర్ణించిపోయాయి.

నేటి అవసరం

గత శతాబ్ది చివరి నాళ్ళలో కంప్యూటర్ల మీద అక్షరాలు కూర్చే విధానం, దానితో పాటు ఆఫ్‌సెట్ ముద్రణ వచ్చి సీసపు టైపును పూర్తిగా తొలగించాయి. నేడు రాయగడలో కూర్చొని పుటలన్నిటినీ సిద్ధం చేసి, క్షణాలలో ఏ ఊరి ముద్రణాలయానికైనా పంపవచ్చు. అరలపెట్టెల చిక్కు తీరిపోయింది. పార్వతీపురం కూడ 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాకు కేంద్రమై, ఇంకా దగ్గరి ఊరుగానే ఉన్నది. ఐతే ఠావు కొలతలు మారలేదు, పుటల కూడిక మారలేదు, చెమ్మకు తుప్పుపట్టే గుణం మారలేదు. దిద్దేవారి శ్రద్ధకు కంప్యూటరు ప్రత్యామ్నాయం కాలేదు.

చట్టపరమైన విధులు కూడ గుర్తుంచుకోదగినవి. నియమిత కాలంలో వెలువడే పత్రికలకు 1867 నాటి చట్టం ప్రకారం జరుగుతూ వచ్చిన నమోదు, 2024 మార్చి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టం క్రింద జరుగుతున్నది. ప్రచురణకర్తలు తమ ప్రచురణల ప్రతులను కలకత్తాలోని జాతీయ గ్రంథాలయం, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయం మొదలైనవాటికి పంపాలని 1954 నాటి చట్టం విధించింది. చిన్న పత్రికలవారు దీనిని భారంగా భావించి మానివేయటం కద్దు. కాని ఊరిలో వరద వచ్చినా, చెదలు పట్టినా ఒక ప్రతి ఎక్కడో బ్రతికి ఉండటానికి అదే పూచీ.

ఒడిశాలోని తెలుగు బడిలో చదివే పిల్లవానికి పాఠ్యపుస్తకం తెలుగులో దొరుకుతుంది. అందులో గోదావరి ఉంటుంది, కృష్ణ ఉంటుంది. తన ఇంటి వెనుక పారే నాగావళి, తాను మొక్కే మజ్జిగౌరమ్మ, తన తాత పనిచేసిన కాగితపు మిల్లు, తనతో ఆడుకొనే సవర, కోంధ బాలురు తెలుగు అక్షరాలలో కనిపించేది తన ఊరి పత్రికలోనే. ఆ పత్రిక లేకపోతే ఈ సీమ తెలుగువారి జీవితం నోటి మాటగా మిగిలి, ఒకటి రెండు తరాలలో మరుగున పడుతుంది. పిల్లలు తెలుగు మాట్లాడుతూనే చదవటం మానివేస్తున్న ఇండ్లు సరిహద్దు ప్రాంతాలలో పెరుగుతున్న కాలంలో ఈ ప్రమాదం ఊహాజనితమైనది కాదు.

కనుక కొత్త పత్రికను తలపెట్టేవారు ఆవిష్కరణ తేదీకంటె ముందుగా నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకోవటం మంచిది: పుటలు ఎన్ని, ప్రతులు ఎన్ని, కుట్టు ఏది, భద్రపరిచే చోటు ఏది. ఏటా కనీసం నాలుగు ప్రతులను దారంతో కుట్టించి, గట్టి అట్ట వేయించి, బడి గ్రంథాలయంలో ఒకటి, ఊరి గ్రంథాలయంలో ఒకటి, సరిహద్దుకు ఆవల ఒక పెద్ద గ్రంథాలయంలో ఒకటి, జాతీయ గ్రంథాలయంలో ఒకటి ఉంచగలిగితే ఆ పత్రిక సార్థకమవుతుంది. పర్లాకిమిడి పంతులుగారు నడిపిన ఏడాది పత్రికను నూరేళ్ళ తరువాత కూడ తలచుకోగలుగుతున్నాము. వజ్రోత్సవాలను దాటి ప్లాటినం ఉత్సవాలు జరుపుకొనే పాఠశాలలకు ఆ మాత్రం దీర్ఘదృష్టి కొత్తది కాదు. కాగితం ఈ ఊరిదే. అక్షరాలు ఇప్పుడు ఇంటికే వచ్చాయి. ఇక మిగిలినది సూదిలో దారం ఎక్కించటమే.